పెద్దవాళ్ళని ఊరికే కూర్చోబెట్టకండి

చెన్నైలో నాకు తెలిసిన తెలుగు ఇళ్ళలో మంచాన ఉన్న పెద్దవాళ్ళ గురించి "అమ్మ ఎలా ఉంది?" అని ఎవరైనా అడిగితే జవాబు దాదాపు ఒకేలా ఉంటుంది. "బీపీ నార్మలే. షుగరు కంట్రోల్లో ఉంది. మోషన్ రోజూ అవుతోంది. అటెండర్ మంచిదే, టైముకి మందులిస్తుంది." అడిగినవాళ్ళు "పోనీలే, అదృష్టవంతురాలు" అంటారు. మాట అక్కడితో అయిపోతుంది. ఆవిడ నవ్వి ఎన్నాళ్ళయిందో, ఎవరితోనైనా గట్టిగా పోట్లాడి ఎన్నాళ్ళయిందో, ఫలానా పులుసు కావాలని నోరు తెరిచి అడిగి ఎన్నాళ్ళయిందో ఎవరూ అడగరు.

ఒంటిని చూసుకోవడం మనకు బాగానే వచ్చింది. గాలి పరుపు, వాకర్, ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్ళే ల్యాబు, అన్నీ ఫోన్లో బుక్ చేస్తే గంటలో వస్తున్నాయి. కానీ ఈ ఏర్పాట్ల మధ్య పెద్దవాళ్ళ చేతిలోంచి ప్రతి పనీ, ప్రతి నిర్ణయమూ ఒక్కొక్కటిగా తీసేసుకుంటున్నాం. ప్రేమతోనే తీసుకుంటున్నాం. "నువ్వేం చెయ్యకమ్మా, హాయిగా కూర్చో" అని. చెయ్యడానికి పని లేక, తన మాట కోసం ఎదురుచూసే మనిషి లేక మనసు కుంగిపోతుంటే దానికి వయసు అని పేరు పెట్టి ఊరుకుంటున్నాం. నా గొడవంతా దీని గురించే.

మా పెద్దమ్మది కావలి దగ్గర పల్లె. పెదనాన్న పోయాక అన్న ఆమెను చెన్నై సాలిగ్రామంలో తన ఇంటికి తెచ్చుకున్నాడు. బాత్రూంలో జారి తుంటి ఎముక విరిగేదాకా ఆ ఇంట్లో మూడు పనులు ఆమెవే. పొద్దున పూలు కట్టడం, ఆవిన్ పాల కార్డు లెక్క చూడడం, రాత్రి పాలు తోడెయ్యడం. ఆపరేషన్ అయి ఇంటికొచ్చాక రైలింగున్న మంచం, ఇరవై నాలుగ్గంటలూ ఉండే అటెండర్, వారానికి రెండుసార్లు ఫిజియోథెరపిస్టు, అన్నీ అమిరాయి. అన్న, వదిన ఇద్దరూ ఉద్యోగాలు చేస్తూ ఆమెను కళ్ళలో పెట్టుకుని చూసుకున్నారు. పెరుగు మాత్రం ప్యాకెట్లలో రావడం మొదలైంది. పూలు మూరల లెక్కన వాకిట్లోకే వచ్చేవి.

కొన్నాళ్ళకు పెద్దమ్మకు ఒళ్ళంతా నొప్పులు. మోకాళ్ళన్నది, వెన్నన్నది, కడుపులో మంటన్నది. ఎక్స్‌రేలు, స్కానులు తీశారు, ఎక్కడా ఏమీ లేదు. తెల్లవారుజామున మూడింటికే మెలకువ. అన్నం నాలుగు ముద్దలు. ఒక పెద్ద ఆసుపత్రిలో డాక్టరు ఆమె తల మీదుగా అటెండర్‌ని తమిళంలో అడిగాడు, తింటోందా, పడుకుంటోందా అని. వయసు కదా అని నిద్రమాత్ర రాశాడు. ఆ మాత్రతో పగలంతా మగతగా ఉండేది. లేచి నడుస్తుంటే తూలేది. తుంటి విరిగిన మనిషికి నిద్రమాత్ర ఇస్తే మళ్ళీ పడే ప్రమాదం పెరుగుతుందని ఆయనకు తెలియక కాదు, అంతసేపు ఆలోచించలేదంతే.

తర్వాత చూసిన వృద్ధుల వైద్యురాలు కుర్చీ లాక్కుని పెద్దమ్మకు ఎదురుగా కూర్చుంది. వచ్చీరాని తెలుగులోనే అడిగింది, "ఇంట్లో మీ పని ఏంటమ్మా?" అని. "నాకేం పనుంది తల్లీ, తినడం, పడుకోవడం. నేనుండీ ఒకటే, లేకా ఒకటే" అంది పెద్దమ్మ. ఆ ఒక్క జవాబుతో ఆగకుండా ఆవిడ ఇంకా చాలా అడిగింది, రక్తపరీక్షలు చేయించింది. ఇది డిప్రెషన్ అని చెప్పింది. తక్కువ మోతాదులో మందు మొదలుపెట్టి, నిద్రమాత్రను మెల్లగా తగ్గించుకుంటూ వచ్చింది. దాంతోపాటు, ఇంట్లో ఒక పని ఆమెకు తిరిగి అప్పగించి తీరాలని అన్నకు గట్టిగా చెప్పింది.

పెద్దమ్మ తోడెయ్యడం ఎంచుకుంది. రాత్రి తొమ్మిదింటికి వదిన కాచిన పాలు స్టీలు గిన్నెలో తెచ్చి మంచం పక్కన బల్ల మీద పెడుతుంది. పెద్దమ్మ చిటికెన వేలి కొస ముంచి చూస్తుంది. "ఇంకా వేడుంది, ఆగండి" అంటుంది. అందరూ ఆగాలి. టీవీ చూస్తున్న మనవడు కూడా, ఎందుకంటే గిన్నె తీసుకెళ్ళి వంటింట్లో పెట్టేది వాడే. కాసేపటికి మళ్ళీ వేలు పెట్టి, చెంచాడు పెరుగు వేసి, రెండుసార్లు తిప్పి మూత పెడుతుంది. నేను గమనించింది ఆ ఆగడాన్ని. ఇల్లంతా ఆమె మాట కోసం ఆగుతుంది. తెల్లారి పెరుగు తోడుకోకపోతే అన్న ఊరుకోడు, ఆమె కూడా ఊరుకోదు, "మీ ఫ్యాను గాలికి పాలు ఆరిపోయాయి, నన్నంటే ఎట్లా" అని వాదన పెట్టుకుంటుంది. మందు పనిచెయ్యకుండా పెరుగు తోడేస్తే డిప్రెషన్ పోతుందని నేనెప్పుడూ అనను. మందు వల్ల తల ఎత్తగలిగిన మనిషికి, ఎత్తి చూడడానికి ఇంట్లో ఏదో ఒకటి ఉండాలి కదా.

1976లో ఎలెన్ లాంగర్, జుడిత్ రోడిన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు అమెరికాలోని ఒక వృద్ధాశ్రమంలో చేసిన అధ్యయనం చాలామంది విని ఉంటారు. ఒక అంతస్తులోని వాళ్ళకు, మీ విషయాలు మీరే నిర్ణయించుకోండి, ఈ మొక్కల్లో నచ్చింది తీసుకుని మీరే పెంచుకోండి అని చెప్పారు. ఇంకో అంతస్తులోని వాళ్ళకూ మొక్కలిచ్చారు గానీ, నీళ్ళు నర్సులే పోస్తారు, మీకే ఇబ్బందీ రాకుండా మేం చూసుకుంటాం అన్నారు. మూడు వారాలకే మొదటి అంతస్తువాళ్ళు ఎక్కువ చురుగ్గా, ఎక్కువ సంతోషంగా కనిపించారు. అది చిన్న అధ్యయనం, పైగా ఆశ్రమంలో చేసింది. దాన్నే వేదం అనుకోనక్కర్లేదు. అయినా ఆ రెండో అంతస్తులో చెప్పిన మాటలు చదువుతుంటే మన ఇళ్ళే గుర్తొస్తాయి. అచ్చం మనం చెప్పేవే.

వయసు మీద పడితే దిగులుగా ఉండడం మామూలే అన్న నమ్మకం మనలో బాగా పాతుకుపోయింది. అది తప్పు. ముసలితనంలో డిప్రెషన్ ఒక జబ్బు, వైద్యం ఉన్న జబ్బు. 2017-18లో మన దేశంలో 45 ఏళ్ళు దాటిన 72,000 మందికి పైగా మనుషుల్ని అడిగి చేసిన లాసీ అనే జాతీయ సర్వేలో, 60 దాటినవాళ్ళలో 8.3 శాతం మందికి డిప్రెషన్ లక్షణాలు బలంగా కనిపించాయి. తమకు డిప్రెషన్ ఉందని డాక్టరు చెప్పారు అన్నవాళ్ళు 0.8 శాతమే. అంటే లక్షణాలున్న పదిమందిలో దాదాపు ఒక్కరే తమ జబ్బుకు పేరైనా పెట్టించుకున్నారు. మిగతావాళ్ళు మా పెద్దమ్మలాగా మోకాళ్ళ డాక్టరు దగ్గర, కడుపు డాక్టరు దగ్గర క్యూలో కూర్చుని ఉంటారు. పెద్దవాళ్ళకు దిగులు ఏడుపుగా బయటికి రావడం తక్కువ. నొప్పిగా, నిద్రలేమిగా, విసుగ్గా, తిండి సహించకపోవడంగా వస్తుంది. "మనసు బాలేదు" అని చెప్పుకోవడం సిగ్గనుకునే తరం అది. ఒళ్ళు బాలేదని చెప్పడానికి సిగ్గు లేదు.

డాక్టర్లు వాడే ఒక ప్రశ్నల పట్టిక ఉంది, పెద్దవాళ్ళ కోసమే 1980లలో తయారైంది. దాని చిన్న రూపంలో పదిహేను ప్రశ్నలు, అన్నిటికీ అవుననో కాదనో చెబితే చాలు. మీకు ఇష్టమైన పనులు చాలా మానేశారా, తరచూ విసుగ్గా ఉంటోందా, ఇప్పుడున్న తీరులో ఎందుకూ పనికిరానివాళ్ళమని అనిపిస్తోందా, ఇలా ఉంటాయి. చదివినప్పుడల్లా నన్నొకటి కలవరపెడుతుంది. మనం అతి జాగ్రత్తగా చూసుకునే మనిషి ఇష్టమైన పనులు మానెయ్యకుండా ఎట్లా ఉంటుంది? మనమే మాన్పించాం కదా.

దీనికి ముందు ఒంటి వైపు నుంచి చూడాల్సినవీ ఉన్నాయి. థైరాయిడ్ తగ్గినా, బి12 తగ్గినా, సోడియం పడిపోయినా మనిషి నీరసంగా, మందకొడిగా అయిపోవచ్చు. అందుకే ముందు రక్తపరీక్ష. వాడే మందుల చీటీలన్నీ ఒక డాక్టరు ముందు పెట్టాలి, ఒకదానికొకటి పడనివి ఉండొచ్చు. డిప్రెషన్ మందుల్లోనే కొన్ని పెద్దవాళ్ళలో సోడియం తగ్గిస్తాయి, కాబట్టి మొదలుపెట్టాక మళ్ళీ చూపించాలి. గుణం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది. పది రోజులు వేసి లాభం లేదని మానేస్తే అసలుకే మోసం. నిన్నటిదాకా బాగున్న మనిషి ఒక్కసారిగా, ఒకటి రెండు రోజుల్లో, తికమకగా మాట్లాడుతున్నా, మనుషుల్ని పోల్చుకోలేకపోతున్నా అది డిప్రెషనూ కాదు, మతిమరుపు జబ్బూ కాదు. మూత్రంలో ఇన్ఫెక్షనో మరొకటో అయ్యుంటుంది. ఆరోజే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

చెవి సంగతి వేరే చెప్పాలి. వినపడని మనిషి ముందు మాటకు బదులివ్వడం మానేస్తుంది, తర్వాత మాటల మధ్య కూర్చోవడమే మానేస్తుంది. ఇంట్లోవాళ్ళు రెండుసార్లు చెప్పి, మూడోసారి "ఏం లేదులే" అంటారు. ఆ "ఏం లేదులే" రోజుకు ఎన్నిసార్లు పడుతుందో ఒక పూట గమనించి చూడండి. 2024లో లాన్సెట్ అనే వైద్య పత్రిక కమిషన్ చెప్పిన, మార్చుకోగలిగిన పద్నాలుగు డిమెన్షియా (మతిమరుపు జబ్బు) కారణాల్లో వినికిడి లోపం, చూపు లోపం, డిప్రెషన్, ఒంటరితనం నాలుగూ ఉన్నాయి. శుక్లాల ఆపరేషన్ ఈ వయసులో ఎందుకులే అనుకోవడం, చెవి మిషన్ కొని గొలగొల శబ్దం వస్తోందని సొరుగులో పడెయ్యడం, ఈ రెండూ ఆపితే చాలా ఇళ్ళలో సగం మౌనం పోతుంది. మిషన్‌ని రెండు మూడుసార్లు సరిచేయించుకోవాలి, అలవాటు పడడానికి వారాలు పడుతుంది. ఇది కొన్న చోట చెప్పరు.

మన చెన్నై ఇళ్ళలో భాష ఇంకో చిక్కు. ఇక్కడే పుట్టి పెరిగిన తెలుగువాళ్ళకు తమిళం నీళ్ళప్రాయం. నెల్లూరు నుంచో ఒంగోలు నుంచో అరవై దాటాక కొడుకు దగ్గరికి వచ్చినవాళ్ళకు అది కూరగాయల బండి దగ్గర పనికొచ్చేంతే. ఒంటికి సబ్బు రుద్దే మనిషితో, మంచం మీద పక్కకు తిప్పే మనిషితో మాట కలవకపోతే ఎంత భయంగా ఉంటుందో ఊహించండి. మతిమరుపు జబ్బు ఉంటే మరీ కష్టం, తర్వాత నేర్చుకున్న భాష ముందు జారిపోవడం చాలామందిలో కనిపిస్తుంది. మా అమ్మ దగ్గరికి వచ్చే అమ్మాయిది విల్లుపురం వైపు. ఒక నోటుబుక్కులో తెలుగు మాటలు తమిళ అక్షరాల్లో రాసిచ్చాను. నొప్పి, చలి, దాహం, భయం, ఇప్పుడొద్దు, నెమ్మదిగా, ఇంకా కావాలి. అందులో అమ్మ ఎక్కువ వాడేది "ఇప్పుడొద్దు". స్నానం ఇప్పుడొద్దు, పదకొండింటికి చేస్తాను అంటే ఆ అమ్మాయి పదకొండుదాకా ఆగుతుంది. ఏ చీర కట్టుకోవాలో రెండు చూపించి అడుగుతుంది. ఇవి చిన్నవే. కానీ రోజంతా వేరేవాళ్ళ చేతుల్లో ఉండే ఒంటికి, వద్దు అంటే ఆగే చెయ్యి కంటే పెద్ద మర్యాద ఏముంది?

"పడిపోతే ఎవరు బాధ్యులు?" అని అంటారు. న్యాయమైన ప్రశ్నే. పెద్దమ్మ పడింది, ఆపరేషన్ ఖర్చు మాకు తెలుసు, ఆ నొప్పి ఆమెకు తెలుసు. అయితే పడకుండా ఉండాలని మంచానికి కట్టేసినట్టు కూర్చోబెడితే కండరాలు సన్నబడి, లేచిన మొదటిరోజే పడతారు. బాత్రూంలో పట్టుకునే కమ్మీలు పెట్టించండి, రాత్రి లైటు పెట్టండి, జారే తివాచీలు తీసెయ్యండి, ఏ పని కూర్చుని చెయ్యొచ్చో ఏది నిలబడి చెయ్యొచ్చో ఫిజియోథెరపిస్టుని అడగండి. అంతా చేశాక కూడా కొంత ప్రమాదం మిగులుతుంది. ఆ మిగిలిన కొంతను ఒప్పుకోవాలా వద్దా అన్నది పెద్దావిడను కూడా అడిగి తేల్చాలి. ఆమె కాలు, ఆమె నడక.

చావు గురించి మాట్లాడనివ్వకపోవడం ఇంకొకటి. "నేను పోయాక ఈ గాజులు చిన్నదానికివ్వండి" అని మొదలుపెట్టగానే, "అవేం మాటలమ్మా, తథాస్తు దేవతలుంటారు" అని నోరు మూయిస్తాం. వాళ్ళు భర్తను, తోబుట్టువులను, ఈడువాళ్ళను ఒక్కొక్కరినీ సాగనంపి వచ్చినవాళ్ళు. ఆ మాట చెప్పుకోవాలని వాళ్ళకుంటుంది. ఎక్కడ దహనం చెయ్యాలి, ఐసీయూలో ట్యూబులు పెట్టాలా వద్దా, ఇవన్నీ తీరిగ్గా చెప్పనిస్తే వాళ్ళ గుండె తేలికవుతుంది. దీనికీ, "ఎందుకు బతికున్నానో, పోతే బాగుండు" అని పదేపదే అనడానికీ తేడా ఉంది. ఆ రెండో మాట వినపడితే దాటెయ్యకుండా సూటిగా అడగాలి, "చచ్చిపోవాలనిపిస్తోందా అమ్మా, ఏమైనా చేసుకోవాలనిపిస్తోందా?" అని. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్న భయం అక్కర్లేదు, అడగడం వల్ల అలా జరగదు. అవునంటే మందుల డబ్బా మన దగ్గర పెట్టుకుని, మనిషిని ఒంటరిగా వదలకుండా, ఆరోజే డాక్టరుతో మాట్లాడాలి. 14416కి ఫోన్ చెయ్యొచ్చు. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీ మానస్ అది, ఉచితం, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులోనూ మాట్లాడతారు. పెద్దవాళ్ళకు సంబంధించిన ఇతర ఇబ్బందులకు 14567 ఉంది, ఎల్డర్ లైన్.

ఈ విషయంలో చెన్నైలో ఉన్నవాళ్ళు అదృష్టవంతులే. ఇక్కడి జనరల్ ఆసుపత్రిలో డాక్టర్ వి.ఎస్. నటరాజన్ 1978లోనే వృద్ధుల కోసం ప్రత్యేక ఓపీ మొదలుపెట్టారు. మద్రాసు మెడికల్ కాలేజీలో 1996 నుంచి వృద్ధుల వైద్యంలో ఎండీ ఉంది. 2024 ఫిబ్రవరిలో గిండీలో కింగ్ ఇన్‌స్టిట్యూట్ ఆవరణలో 200 పడకల జాతీయ వృద్ధుల వైద్య కేంద్రం తెరిచారు. అన్నానగర్ వైపు స్కార్ఫ్ ఉంది, డాక్టర్ శారదా మీనన్ 1984లో స్థాపించిన మానసిక వైద్య సంస్థ, అక్కడ డిమెన్షియా ఉన్నవాళ్ళకూ వాళ్ళను చూసుకునేవాళ్ళకూ సేవలున్నాయి. రాష్ట్ర ప్రభుత్వం 2021 ఆగస్టులో మొదలుపెట్టిన 'మక్కళై తేడి మరుత్తువం' పథకం కింద బీపీ, షుగరు మాత్రలు, ఫిజియోథెరపీ, మంచాన పడ్డవాళ్ళకు బాధ తగ్గించే పాలియేటివ్ కేర్ గడప దాకా వస్తున్నాయి. బీపీ పట్టీ చుట్టే ఆ పది నిమిషాల్లోనే ఆ పదిహేను ప్రశ్నలూ ఏడాదికి రెండుసార్లు అడిగించవచ్చు. పెద్ద ఖర్చేమీ ఉండదు. వచ్చినవాళ్ళను మనమైనా అడగాలి, మనసు సంగతి కూడా చూడండి అని.

"ఇదంతా చెయ్యడానికి టైమెవరికుంది?" అని వదినలు అడుగుతారు, కూతుళ్ళు అడుగుతారు. అది వాళ్ళే అడగాల్సిన పరిస్థితి రావడం నాకు కోపం తెప్పిస్తుంది. నలుగురు పిల్లలున్న ఇంట్లో కూడా ఈ బరువు ఒక్క ఆడమనిషి మీదే పడుతుంది. మిగతావాళ్ళు వీడియో కాల్‌లో "అమ్మ చిక్కిపోయిందేంటి" అని ఆరా తీస్తారు. అమెరికాలో ఉన్న తమ్ముళ్ళకు నేను చెప్పేది ఇదే. చూసుకునేవాళ్ళను లెక్కలడగడానికి ఫోన్ చెయ్యకండి. అమ్మకే చెయ్యండి, రోజూ ఒకే టైముకి, ఆమె ఎదురుచూసేలా. బాగున్నావా, తిన్నావా దగ్గర ఆగకండి. చేపల పులుసులో చింతపండు ఎంత పొయ్యాలో అడగండి, తాతగారి పొలం ఎవరికి కౌలుకిచ్చారో అడగండి, మీ పిల్లకు సంబంధాలు చూస్తుంటే ఆమె అభిప్రాయం అడిగి, నచ్చకపోతే వాదించండి. ఇంట్లో ఉన్న మగవాళ్ళు వారానికి ఒక పూట పూర్తిగా అమ్మ పని తీసుకుని, భార్యనో అక్కనో బయటికి పంపండి. చూసుకునే మనిషి అలిసిపోయి, కసురుకుంటూ చేస్తుంటే మంచం మీదున్న మనిషికి తాను బరువయ్యానని తెలిసిపోతుంది. అది తెలిశాక ఎన్ని మాత్రలు వేస్తే మాత్రం ఏం లాభం?

జీతానికి వచ్చే అమ్మాయిల సంగతీ అంతే. పన్నెండు గంటల డ్యూటీ అంటారు, బస్సు దిగి వచ్చేసరికే సగం ఓపిక పోయి ఉంటుంది. మనం వాళ్ళను ఏం తిన్నావని అడగం, పేరు కూడా సరిగ్గా పిలవం, వాళ్ళు మాత్రం మన అమ్మతో నవ్వుతూ మాట్లాడాలి. పైగా అలవాటు పడేలోపు ఏజెన్సీవాళ్ళు మనిషిని మార్చేస్తారు. మార్చిన ప్రతిసారీ కొత్త చేతుల ముందు బట్టలు విప్పుకోవాల్సింది పెద్దావిడే. మా అమ్మ అటెండర్ ఒప్పందం ఈ నెలాఖరుకి మళ్ళీ రాసుకోవాలి. ఈసారి మూడు విషయాలు రాయించబోతున్నాను. ఆ అమ్మాయికి వారానికి ఒక రోజు జీతంతో సెలవు. కారణం చెప్పకుండా, అమ్మను అడగకుండా ఆరు నెలల లోపు మనిషిని మార్చకూడదు. మధ్యాహ్నం ఒక గంట ఆ అమ్మాయికి గిన్నెలూ బట్టలూ ఉండవు, ఇద్దరూ కలిసి కూరగాయలు వలుచుకుంటారో కబుర్లు చెప్పుకుంటారో వాళ్ళిష్టం. ఏజెన్సీవాళ్ళు రేటు పెంచుతారు, తెలుసు. ఆ పెంచినదాన్ని అక్కచెల్లెళ్ళం, తమ్ముళ్ళు కలిసి పంచుకుంటామని ఇప్పటికే మాట్లాడుకున్నాం.